పదునెనిమిదేండ్లు నిండిన పిదప



మన పల్లెలలో క్రొత్త పిల్లవాడెవడైన రచ్చకట్ట కడ కనబడినచో, పెద్దలు మొట్టమొదట వేయు ప్రశ్న యొకటి గలదు. "ఎవరి పిల్లగానివి బిడ్డా?" అని యడుగుదురు. ఆ యడుగుటలో తప్పు లేదు. వాడు చెప్పిన జవాబునుబట్టి మనము వాని తండ్రిని పోల్చుకొందుము, తాతను తలచుకొందుము, మంచినీళ్లిచ్చి కూర్చుండబెట్టుదుము. తండ్రి పేరు వానికొక యూతకఱ్ఱ వంటిది. దానిని పట్టుకొని వాడు క్రొత్త యూరనైనను నిలువగలడు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేని పిల్లలును మన నడుమనే యున్నారు. చిన్ననాడే తల్లిదండ్రులను గోల్పోయినవారు కొందఱు. తల్లియో తండ్రియో బ్రదికియుండియు పెంచు శక్తి లేక యప్పగింపగా బాలల గృహములలో పెరిగినవారు కొందఱు. పెంపుడు కుటుంబములలోను, పినతండ్రుల యిండ్లలోను, అమ్మమ్మల పంచలోను పెరిగినవారు మఱికొందఱు. వారు పసివారుగా నున్నంత కాలము వారిని జూచి జాలిపడువారికి కొదవ లేదు. పండుగనాడు మిఠాయి పంచుదురు. పలకలు, పుస్తకములు, దుప్పట్లు తెచ్చి యిత్తురు. పదునెనిమిదేండ్లు నిండిన మఱునాడు వారి గతి యేమి? మీసము వచ్చిన కుఱ్ఱవానిని జూచి జాలిపడువారు తక్కువ. నే డీ ప్రసంగమున నేను మీతో ముచ్చటింప దలచినది ఆ మఱునాటిని గూర్చియే.

పెంచిన బిడ్డను లోకములోనికి సాగనంపుట యెంత కష్టమో మన పూర్వు లెఱుగుదురు. శకుంతల కణ్వమహర్షికి కన్నబిడ్డ కాదు, అడవిలో దొరకిన శిశువు. ఆయన యామెను కన్నకూతునివలె పెంచెను. కాళిదాస మహాకవి నాటకములో ఆమె యత్తవారింటికి బయలుదేరు వేళ సర్వసంగ పరిత్యాగియైన యా ముని కంట తడిపెట్టెను. ఆమెకు హితవు చెప్పెను. వెంట గౌతమిని, ఇద్దఱు శిష్యులను బంపెను. అంతవఱకు లోప మేమియు లేదు. రాజసభలో దుర్వాసుని శాపముచేత దుష్యంతు డామె నెఱుగనన్నాడు. ఆనవాలుగా చూపవలసిన యుంగరము నీళ్లలో జాఱిపోయినది. అప్పుడు తోడు వచ్చినవారు చేసిన దేమి? ఆమెను సభలో విడిచి వెనుదిరిగిరి. ఏడ్చుచు వెంటబడిన యామెను శార్ఙ్గరవుడు కసరి నిలిపివేసెను. రాజపురోహితుడు మాత్రము ప్రసవమగు వఱకు తన యింట నుంచుకొందునని చెప్పెను. అనగా గడువుతో కూడిన నీడ.

ఆ కథను మనము ప్రేమకథగా వినియుంటిమి. ఒక్కమాఱు పెంపుడు బిడ్డ కథగా వినుడు. ఆశ్రమములో ప్రేమకు కొదువ లేదు. కాని యక్కడివా రాలోచించిన యేర్పాటు రాజద్వారము వఱకే. "అప్పగించితిమి, మా బాధ్యత తీఱినది" అని వారనుకొనిరి. ఆనవాలు పోయినచో నేమి యని యెవరును తలపలేదు. నేటి మన గృహములలో, మన కుటుంబములలో జరుగునదియు నిదియే.

మన ప్రాంతమునకు వత్తము. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన పాత కరీంనగరం జిల్లానుండి జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు విడివడినవి. కోరుట్ల జగిత్యాల జిల్లాలో చేరినది. ఈ సీమ కష్టజీవుల సీమ. ఒకవైపు వరి, పసుపు, మామిడి. ఇంటింట బీడీల చాట. సిరిసిల్లలో తెల్లవారుజాము నుండియే సాంచాల చప్పుడు. చాలనివారికి "బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి" యను మాట మనవా రెఱుగనిది కాదు. పని వెదకుకొనుచు గల్ఫు దేశములకు బోయిన తండ్రి శవపేటికలో తిరిగివచ్చిన యిండ్లు జగిత్యాల, కోరుట్ల చుట్టుపట్ల నున్నవి. అప్పుల బాధకు తాళలేక నేతపనివారు ప్రాణములు తీసికొన్న యిండ్లు సిరిసిల్లలో నున్నవి. తండ్రి పోయిన పిదప తల్లి బీడీలు చుట్టి యెందఱిని సాకగలదు? తల్లియు లేనినాడు ముసలి తాత యెన్నేండ్లు కాపాడగలడు? బాలల గృహములకు చేరు పిల్ల లిట్టి యిండ్లనుండియే వత్తురు. వారు పరాయివారు కారు. మన వాడకట్టులవారే.

నేనొక బడిపంతులుగా పనిచేసినవాడను. నే నెఱిగిన యొక కుఱ్ఱవాని సంగతి చెప్పెదను. వాని పేరుగాని, వాడు పెరిగిన చోటుగాని చెప్పను. వాడు మఱియొక పట్టణములోని గృహములో పెరిగి, ఇంటరు పరీక్ష నెగ్గి, పదునెనిమిదేండ్లు నిండగనే యొక ఱేకుపెట్టె, ధ్రువపత్రముల సంచి చేత బట్టుకొని సిరిసిల్లకు వచ్చెను. సాంచాల మీద పని దొరకునని యెవరో చెప్పిరట. అద్దె గదికొఱకు మూ డిండ్లకు బోయెను. మూడు చోట్లను "మీ వాళ్లెవరు? జామీను ఎవరు?" అనియే యడిగిరి. పని యడుగబోయిన చోట నొక యాసామి "పరిచయమున్న మనిషిని వెంట తీసికొని రమ్ము" అనెను. ఆ యాసామి చెడ్డవాడు కాడు. తన బీములు, నూలు, డబ్బు తెలియని చేతిలో పెట్టుటకు ఎవడైనను జంకును. కొన్ని రాత్రులు వాడు బస్టాండులో పండుకొనెను. తుదకు పని దొరకెను, నలుగురితో కలసి గదియు దొరకెను.

అంతటితో కథ ముగియలేదు. గృహములో గంట కొట్టినపుడు లేచి, గంట కొట్టినపుడు తిని, గంట కొట్టినపుడు పండుకొన్నవాడు వాడు. కిలో బియ్యము ఎన్ని పూటలకు వచ్చునో వానికి తెలియదు. బ్యాంకులో చీటి వ్రాయుట తెలియదు. మొదటి జీతము పదిదినములలో హరించినది. అడిగినవారికెల్ల అప్పిచ్చెను, ఎందుకనగా కాదనుట వానికెవరును నేర్పలేదు. జ్వరము వచ్చి మూడుదినములు గదిలో పడియుండెను. ఆసుపత్రి యెక్కడనో తెలియక కాదు; జ్వరమని యెవరికి చెప్పవలయునో తెలియక. దసరాకు ముందు వాడు నాయొద్దకు వచ్చి యొక మాట యడిగెను: "సార్, పండుగకు సాంచాలు బందైనయి. అందరు ఊళ్లకు పోయిండ్రు. నేనెటు పోవాలె?"

నేను వానికి హితవు చెప్పితిని. ధైర్యముగా నుండుమంటిని, పొదుపు చేయుమంటిని. మా యింటికి రమ్మని యొక్క మాట యనుటకు నాకు నోరాడలేదు. మఱుసటి యేట వాని కొఱకు విచారించితిని. సిరిసిల్ల విడిచి వెళ్లెనని చెప్పిరి; ఎక్కడికో యెవరికిని తెలియదు. నేటికిని నాకు వాని జాడ తెలియదు. ఈ విషయమున మీతో మాటలాడుటకు నాకు గల యధికారము ఆ తప్పొక్కటియే.

ఇక చట్టము చెప్పున దేమో విన్నవించెదను. 2015వ సంవత్సరపు బాలల న్యాయ చట్టము 2016 జనవరి 15 నుండి అమలులోనికి వచ్చినది. దానిలో 46వ సెక్షను ప్రకారము, పదునెనిమిదేండ్లు నిండి బాలల గృహమును వదలువారు సంఘములో నిలద్రొక్కుకొనుటకు ధనసహాయము చేయవచ్చును. దీనిని అనంతర సంరక్షణ యందురు. 2016 నాటి నియమములలో 25వ నియమము దీనిని వివరించుచున్నది. ఈ సహాయము 21 ఏండ్లు నిండు వఱకు ఉండవచ్చును. ప్రత్యేక కారణములున్నచో మఱి రెండేండ్లు పొడిగింపవచ్చును. ఆఱుగురు మొదలు ఎనమండుగురు కలసియుండుటకు తాత్కాలికమైన వసతి, చదువునకు వేతనము, వృత్తిశిక్షణ, సలహాదారు, స్వయముగా పని పెట్టుకొనువారికి అప్పు ఇప్పించు నేర్పాటు, ఇవన్నియు నా నియమములో గలవు. మిషన్ వాత్సల్య పథకపు 2022 నాటి మార్గదర్శకములలో నెలకు 4,000 రూపాయల చొప్పున సహాయము చెప్పబడినది.

పెద్దలు ముఖ్యముగా గుర్తింపవలసిన దొకటి గలదు. పిల్లవాడు గృహము వదలుటకు రెండు నెలలు ముందుగనే, వానికి రాబోవు కాలమున నేమి కావలయునో వ్రాసి, బాలల సంక్షేమ సమితి యెదుట పెట్టవలయునని నియమము. కావున పదునెనిమిదేండ్లు నిండిన పిదప పరుగులెత్తుటకన్న, పదునేడవ యేటనే యడుగుట మేలు. కోరుట్లవారును జగిత్యాలవారును జగిత్యాలలోని జిల్లా బాలల సంరక్షణ విభాగమునకు, సిరిసిల్లవారు తమ జిల్లా కేంద్రమునందలి విభాగమునకు పోయి విచారింపవచ్చును. పదునెనిమిదేండ్ల లోపు బాలునికి ఆపద వచ్చినచో 1098 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. దానికి ఖర్చు లేదు.

ఇందులో రెండు చిక్కు లున్నవి. మొదటిది, చట్టము "ఇయ్యవచ్చును" అన్నదేగాని, అడుగకయే యింటికి తెచ్చి యిచ్చునని చెప్పలేదు. అడుగువాడు లేని పిల్లవానికి అది కాగితముమీది మాటగానే మిగులును. రెండవది, ఆ సెక్షనులోని మాటలు సంస్థను వదలువారిని గూర్చియే. దత్తత వేఱు, పోషణ వేఱు. దత్తతలో బిడ్డ యా యింటి బిడ్డయే యగును. అదే చట్టములోని 44వ సెక్షను చెప్పు పోషణలో బిడ్డ కొంతకాలము పెంపుడు కుటుంబములో నుండును. ఇంటిపేరు మాఱదు, ఆస్తి రాదు. ఇక ఏ కాగితమును లేక పెద్దనాన్న యింటనో, మేనమామ యింటనో పెరిగినవారి లెక్క యే కార్యాలయములో నుండును? వారిని తెలిసినవాడు ఊరి పెద్ద యొక్కడే.

కరోనా వ్యాధివలన తల్లిదండ్రులిద్దఱిని గోల్పోయినవారికి 2021 మే నెలలో కేంద్ర ప్రభుత్వము వేఱొక యేర్పాటు చేసినది. అట్టివారికి 18 మొదలు 23 ఏండ్ల వఱకు నెలనెల భృతియు, 23 నిండినప్పుడు 10 లక్షల రూపాయలును అందును. ఊరిలో నట్టి బిడ్డ యున్నచో ఆ సొమ్మును గూర్చి మీరు జాగరూకులై యుండవలయును. పది లక్షలు చేతికి వచ్చుచున్న యనాథకు హఠాత్తుగా బంధువులు పుట్టుకొని వత్తురు.

బంధువుల మాట వచ్చినది గనుక ఆస్తి సంగతియు చెప్పెదను. తండ్రి పోయిన పిల్లవానికి ఎకరమో అరయెకరమో భూమి యుండవచ్చును. పిన్నవాడు హాస్టలులో నుండగా ఇక్కడ పహాణీలో పేరు మాఱిపోయిన సంగతులు మీరు విన్నవే. హిందువుల విషయమున 1956 నాటి మైనారిటీ, సంరక్షకత్వ చట్టము ప్రకారము, తల్లిదండ్రులైనను కోర్టు అనుమతి లేక మైనరు స్థిరాస్తిని అమ్మరాదు. పెంచుచున్నాననెడి కారణము మాత్రముచేత ఏ చుట్టమును మైనరు ఆస్తిని అమ్ముటకు అధికారి కాడు. సంరక్షకుడు చేసిన బదలాయింపును రద్దు చేయింపదలచిన పిల్లవాడు మేజరైన మూడేండ్లలోపల దావా వేయవలయునని 1963 నాటి కాలపరిమితి చట్టము. అనగా 21 ఏండ్లు నిండులోపల. ఆ మూడేండ్లలోనే వాడు అన్నమునకు, గదికి, పనికి అలమటించుచుండును. భూమిని గూర్చి యాలోచించు తీరిక యెక్కడిది? ఆడపిల్లకు తండ్రి యాస్తిలో భాగము లేదనుట నేడు చెల్లదు. ఉమ్మడి యాస్తిలో కుమార్తెకును సమాన హక్కు నిచ్చుచు ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టమును సవరించెను. 2005లో దేశమంతటికి నది వర్తించెను. పంచాయితీలో గూర్చుండు మీరు ఈ మాటలు జ్ఞాపకముంచుకొనవలయును. ఒక సంతకము పెట్టక నిలిపినచో ఒక బిడ్డ బ్రదుకు నిలుచును.

కాగితములును భూమివంటివే. ఆధారు, పుట్టినతేదీ పత్రము, కుల ధ్రువపత్రము, నివాస పత్రము లేక చదువుగాని, కొలువుగాని దొరకదు. కులమేదో తెలియని యనాథ యేమి చేయవలయును? మన రాష్ట్రములో వెనుకబడిన తరగతుల జాబితాలో 'ఎ' వర్గమున అనాథలకును చోటు గలదు. పదేండ్లు నిండకమునుపే తల్లిదండ్రులను గోల్పోయి, ఆదుకొనువారు లేక, ప్రభుత్వము నడుపునట్టియు గుర్తించినట్టియు బడులలోగాని యనాథాశ్రమములలోగాని చేరినవారికి అది వర్తించును. ఈ సంగతి తెలియక ఊరకుండువా రున్నారు. తహసీలు కార్యాలయమునకు వెంటబోవు పెద్దమనిషి యొక్కడుండిన చాలును.

పనిని గూర్చి కొంచెము చెప్పవలయును. సిరిసిల్లలో బతుకమ్మ చీరెల నేత 2017 మొదలు 2023 వఱకు అనేకులకు పని కల్పించినది. ఆర్డరు వచ్చిన యేడు పని యుండును, రాని యేడు సాంచాలు నిలుచును. ఇల్లున్నవాడు నిలిచిన సాంచ దగ్గఱ నాలుగు నెలలు ఓర్చుకొనును. ఇల్లు లేనివాడు మొదటి నెలలోనే అప్పులవాని చేతిలో పడును. కోరుట్ల వైపు కుఱ్ఱవారికి గల్ఫు మోజు మెండు. వెనుక ఎవరును లేని పిల్లవాడు ఏజెంటు కంట బడినచో వాని పని సులువగును, అడుగువా రుండరు గదా. పదవ తరగతి నెగ్గనివాడు గల్ఫు దేశములకు పనికి పోవలెనన్న ప్రభుత్వపు వలస అనుమతి కావలయును. ఏజెంటుకు లైసెన్సు ఉండవలయును. అట్టివారికి 10 లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా యున్నది. విహార వీసామీద పంపెదననువాని మాట నమ్మరాదు. ఈ నాలుగు మాటలు మన కొడుకులకు మనము చెప్పుదుము. వానికి చెప్పువా రెవరు?

ఆడపిల్ల విషయము మఱింత సున్నితమైనది. పదునెనిమిది నిండగనే ఎవరికో యొకరికి ముడిపెట్టి పంపినచో భారము తీఱునని తలచువారు గలరు. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టము ఆడపిల్లకు 18, మగవానికి 21 కనీసపు వయస్సుగా నిర్ణయించినది. కాని పదునెనిమిది నిండుట పెండ్లికి ఆటంకము తొలగుట మాత్రమే. పెండ్లి చేసి తీఱవలెననుట కాదు. చేతిలో పనిలేక, వెనుక పుట్టినిల్లు లేక అత్తవారింట కాలుపెట్టిన పిల్లకు అక్కడ కష్టము వచ్చినచో తిరిగివచ్చు దారి లేదు. శకుంతలకు జరిగిన దదియే. ఈ సంగతి గ్రహించిన మహనీయురాలు దుర్గాబాయి గారు. ఆమె 1937లో మద్రాసున నెలకొల్పిన ఆంధ్ర మహిళా సభ స్త్రీలకు అన్నము, నీడ మాత్రమే చూపి యూరకుండలేదు. చదివించి, పరీక్షలకు గూర్చుండబెట్టి, తమ కాళ్లమీద తాము నిలుచునట్లు చేసెను. మన బాలికలకును మొదట చదువు, పని. పిదప తాను కోరినప్పుడు పెండ్లి.

ఇతర దేశములవారు ఈ విషయమున నేర్చుకొన్న దేమి? ఇంగ్లాండులో 1945లో పెంపుడు ఇంట నొక బాలుడు హింసకు గురియై మరణింపగా దేశమెల్ల కలతచెందెను. 1948లో వారు బాలల చట్టము చేసిరి. అర్ధశతాబ్దము గడచిన పిదప, 2000వ సంవత్సరములో, గృహములను వదలు యువజనులకొఱకు ప్రత్యేకముగా మఱియొక చట్టము చేసిరి. అందలి ముఖ్యవిషయము ధనము కాదు. ప్రతి యువకునికి పేరు పెట్టి ఒక సలహాదారుని నియమించుట. ఆతడు 21 ఏండ్ల వఱకు వాని మంచిచెడ్డలు విచారింపవలయును. 2017లో ఆ గడువును 25 ఏండ్ల వఱకు పొడిగించిరి. అమెరికాలో 2008 నాటి చట్టము, రాష్ట్రములు కోరినచో యువజనులను 21 వఱకు సంరక్షణలో నుంచుకొనుటకు కేంద్రపు సొమ్ము నిచ్చుచున్నది. చూడుడు, ధనిక దేశములు సైతము పదునెనిమిది యను గీత పిల్లల బ్రదుకులకు సరిపడదని గ్రహించి దానిని దూరముగా జరుపుచున్నవి. మన యిండ్లలో మన కొడుకును పదునెనిమిదవ పుట్టినదినమున గడప దాటించి తలుపు వేయుదుమా? ఇరువదియైదేండ్లు వచ్చినను వానికి ఉద్యోగము వెదకుదుము, గది కుదుర్చుదుము, జ్వరము వచ్చినచో మందు తెత్తుము.

ఇంగ్లాండువారు జీతమిచ్చి నియమించిన యా మనిషి మన పల్లెలలో జీతము లేకయే యున్నాడు. ఆయన మీరే. కావున మీరు చేయదగిన వానిని క్రమముగా మనవి చేయుచున్నాను.

మొదట, మీ యూరినుండి గృహములకు, హాస్టళ్లకు పోయిన తల్లిదండ్రులు లేని పిల్ల లెవరో, ఊరిలోనే చుట్టముల యిండ్లలో పెరుగుచున్నవా రెవరో తెలిసికొనుడు. ఒక్కొక్క యూరిలో ఇద్దఱో ముగ్గురో యుందురు. లెక్క పెద్దది కాదు. పదునాఱవ యేట వారి కాగితములు చూడుడు. పదునేడవ యేట సంక్షేమ సమితి యెదుటికి వారితో గూడ పొండు.

రెండవది, వారికి జామీను నిలువుడు. లక్షల యప్పునకు నిలువుమని నే ననుట లేదు. అద్దె గది యజమానికి "ఈ పిల్లవాడు నా యెఱుకలోనివాడు" అని యొక్క ఫోను చేయుడు. ఆసామికి, దుకాణదారునికి ఆ మాటయే చెప్పుడు. 4,000 రూపాయలు గది యద్దెకు పనికివచ్చును గాని, గది యిచ్చువాని యనుమానమును తీర్పలేవు. మీ మాట తీర్చును.

మూడవది, సెలవులలో వారిని పిలిచి చిన్నపనులు నేర్పుడు. వంట, సంతలో బేరము, బ్యాంకు పుస్తకము, ఇంటి లెక్క, డాక్టరుకడకు పోవుట. ఇవి మన పిల్లలు చూచి నేర్చుకొందురు. గృహములో పెరిగినవారికి చూచుటకు ఇల్లు లేదు.

నాల్గవది, ఒక హెచ్చరిక. ఆదుకొనుట పేర పిల్లవానిని తెచ్చి పసులకాపరిగానో, పిల్లను తెచ్చి అంట్లు తోముటకో పెట్టుకొనరాదు. వారి సొమ్ము మీ చేతిలో నుంచుకొనరాదు; వారి ఖాతాలోనే యుండవలయును. పదునెనిమిది నిండనివారిని ఇంటికి తెచ్చుకొనవలెనన్నచో గృహమువారికి, సంక్షేమ సమితికి తెలియకుండ తీసికొనిరారాదు. మంచి మనస్సుతో చేయు పనియు నలుగురెఱుగ చేసినప్పుడే బిడ్డకు క్షేమము.

ఐదవది, నే చేయక విడిచినది. పండుగకు పిలువుడు. బతుకమ్మకు ఆడబిడ్డలందఱు పుట్టినిండ్లకు వచ్చు వేళ, పుట్టినిల్లు లేని పిల్ల హాస్టలు గదిలోనో, అద్దె కొంపలోనో యొంటరిగా నుండును. మీ యింటి ముంగిట ఆడు బతుకమ్మలో ఒక పిల్ల యెక్కువైనచో వచ్చిన నష్టము లేదు. ఒక్క యేడు పిలిచి మఱుసటి యేడు మఱచుటకన్న పిలువకుండుటయే మేలు. పిలిచినచో ప్రతియేట పిలువుడు. దానికి 21 ఏండ్ల గడువు లేదు, 23 ఏండ్ల గడువు లేదు.

దసరానాటి సాయంకాలము మీకందఱికి తెలిసినదే. జమ్మిచెట్టు కడనుండి వచ్చిన పిల్లలు ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్లకు మ్రొక్కుదురు. మనము వారి తలమీద చేయి వేసి దీవింతుము. నాయొద్దకు వచ్చిన యా కుఱ్ఱవాడు ఆ దినమున జమ్మి యాకును ఎవరి చేతిలో పెట్టెనో నే నెఱుగను. రాబోవు దసరాకు మీ యూరిలో అట్టివాడు ఒక్కడైనను ఉన్నచో, వాడు మీ వాకిటికి వచ్చునట్లు చేయుడు. అటుపిమ్మట ఏ యూరనైనను ఎవడైనను "ఎవరి పిల్లగానివి?" అని యడిగినచో, వాడు మీ పేరు చెప్పుకొనును.